మర పోతే మర వేసుకునేవాళ్ళం

మా రోజుల్లో రెస్టోరేషన్ అనే మాట లేదు. ఓవర్‌హాలింగ్ అనేవాళ్ళం. బండి పొగ వదులుతోందనో, బరువు మీద లాగడం లేదనో తోలేవాడికి అనుమానం రాగానే మేస్త్రి ఇంజను దింపేవాడు. నాలుగు రోజులు బండి షెడ్డులో విప్పి పడుండేది. అయిదో రోజుకి మళ్ళీ వెనకాల ఎరువు బస్తా కట్టుకుని కాలవ గట్టెక్కేది. దాని చుట్టూ తిరిగి ఎవరూ ఫొటోలు తీసేవాళ్ళు కాదు. బండి బాగుచేసుకోవడమంటే కొడవలికి కక్కు పెట్టించుకోవడం, గొడుగు కుట్టించుకోవడం లాంటి పని. ఏడాదికోసారి ఉండే పనే.

ఇప్పుడా మాట ఎవరి నోటా వినపడదు. ఇప్పుడు జరిగేది చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. బండి లారీ ఎక్కి వెళ్తుంది, ఆర్నెల్ల తర్వాత లారీ ఎక్కి తిరిగొస్తుంది, ఈలోపు యజమాని చేతికి గ్రీజు అంటదు. వచ్చిన బండి పెళ్ళికొడుకులా మెరుస్తుంటుంది. దాన్ని హాల్లో నిలబెట్టి కవరు కప్పుతారు. తోలని బండికి ఆ ముస్తాబు దేనికి? నాకు డెబ్బై దగ్గర పడుతోంది. మా నాన్న బుల్లెట్టుని రెండుసార్లు మొత్తం విప్పి బిగించడం చూశాను. మొదటిసారి 1978లో, మేస్త్రి పక్కన కూర్చుని పానాలు అందిస్తూ. రెండోసారి మొన్న మొన్న, నా చేతులతోనే. ఈ రెంటి మధ్యా పోయిందేమిటో నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

బండి 1974 మోడలు. మూడువందల యాభై సీసీ అంటారు గానీ అసలు లెక్క 346. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ అంత పొడుగు ప్రయాణం చేస్తుంది కాబట్టే ఆ నిదానం, ఆ లాగుడు, ఆ బరువైన చప్పుడు. 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్టు అది. ముందు ఇంగ్లండు నుంచి సామాను తెచ్చి బిగించేవాళ్ళు, తర్వాత మొత్తం తిరువొత్తియూరులోనే తయారుచేశారు. ఇంగ్లండులో ఆ బళ్ళ తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయినా, ఆ పోత ఇనుము బ్యారెలూ, ఆ పుష్ రాడ్లూ మన దగ్గర ఈ శతాబ్దంలోకి కూడా నడిచొచ్చాయి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. న్యూట్రల్‌కి మడమతో నొక్కే చిన్న లివరు విడిగా ఉంటుంది. మా నాన్న 1976లో ఒక రైసుమిల్లు ఆయన దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. కోడూరు దగ్గర మా ఊళ్ళో అప్పటికి సొంత మోటారు సైకిలున్న రైతు ఆయనొక్కడే.

ఏడాది తిరిగేసరికి 1977 నవంబరు 19 వచ్చింది. మా దివిసీమ వాళ్ళకి ఆ తారీఖు గుర్తు చెయ్యక్కర్లేదు. ఆనాటి ఉప్పెన గురించి రాయడానికి కూర్చోలేదు కాబట్టి ఎక్కువ చెప్పను. మేం ఎనిమిది మందిమి ఒక డాబా మీద బతికాం. మా వీధిలో అందరూ బతకలేదు. నీళ్ళు తీశాక ఆరో రోజున పశువుల పాక దూలాల కింద బండి కనిపించింది. ట్యాంకు దాకా ఒండ్రులో కూరుకుపోయి ఉంది. తాటి దూలం మీద పడి ట్యాంకు ఎడమవైపు అరచేయి పట్టేంత సొట్ట. నాన్న దాని వంక చూసి ఏమీ అనలేదు. ఆ రోజుల్లో బండి గురించి ఆలోచించే స్థితిలో ఎవరున్నారు?

డిసెంబరు ఆఖర్లో అవనిగడ్డ నుంచి మేస్త్రి వచ్చాడు. ఆయనకి పేరుండేది గానీ ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు, మేస్త్రి అంటే మేస్త్రే. వస్తూనే ఆయన అన్న మొదటి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఎవరూ కిక్కు మీద కాలెయ్యకండి. లోపల ఇసకుంది, తిప్పితే బోరు చీరేస్తది." నెల రోజులు ఉప్పు మట్టి తిన్న ఇంజను. ముందు ప్లగ్గు తీసి డీజిలు పోశాడు, రెండ్రోజులు ఊరనిచ్చాడు. ఆ డీజిలు కూడా ఆయిల్ ఇంజను ఉన్న ఒక రైతు దగ్గర చెంబుతో అడిగి తెచ్చుకున్నదే. తర్వాత ఒక్కో నట్టూ విప్పడం మొదలెట్టాడు. విప్పిన ప్రతి సామానూ గోనెపట్టా మీద విప్పిన వరసలో పరిచాడు. రాసుకోలేదు, గుర్తులు పెట్టలేదు. ఆ వరసే ఆయన పుస్తకం. ఆ పట్టా మీంచి కోడి దాటబోతే నన్ను కసిరేవాడు.

బ్యారెల్ లోపల ఉప్పు తిని గుంటలు పడింది. దాన్ని గోనెసంచిలో చుట్టి నా ఒళ్ళో పెట్టి బెజవాడ బస్సెక్కించాడు. పోత ఇనుము, తొడలు పట్టేసేంత బరువు. బోరు కొట్టించి ట్వంటీ సైజు పిస్టన్ వేయించాం, అంటే అసలు కొలత కంటే అర మిల్లీమీటరు పెద్దది. బుల్లెట్టు బిగ్ ఎండులో రోలర్లుండవు, తేలుతూ తిరిగే బుష్షు ఒకటుంటుంది. ఆయిల్లో మురికి చేరితే మొదట దెబ్బ తినేది అదే. దాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. మిగతాదంతా మా ఇంటి ముందే.

ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మని పనులు రెండు నా కళ్ళారా చూశాను. కేసింగులో కొత్త బేరింగు దిగాలి. సుత్తితో కొడితే అల్యూమినియం పగులుతుంది. మేస్త్రి ఆ కేసింగుని తీసుకెళ్ళి మా అమ్మ పొయ్యి మీద పెట్టాడు. ఉప్పెనకి కూలిన కొబ్బరిచెట్ల మట్టలే వంటచెరుకు. మంట సన్నగా ఉంచమని అమ్మకి చెప్పి, మధ్యమధ్య వేళ్ళతో నీటి చుక్క చిలకరించి చూశాడు. చుక్క చుయ్యిమని ఎగిరిపోయిన క్షణాన గుడ్డతో పట్టి కిందికి దించి, బేరింగుని పైన నిలబెట్టి వదిలాడు. అది దానంతటదే టక్కున కూర్చుంది. సుత్తి అవసరమే రాలేదు. రెండోది ప్యాకింగు. కొనే చోటు లేదు. ప్యాకింగు షీటు ముక్కని కేసింగు అంచు మీద పరిచి, గుండు సుత్తి బొడిపెతో అంచు వెంట చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ పోయాడు. లోహం అంచే కత్తెరైంది. చివరికి బోల్టు కన్నాలతో సహా ప్యాకింగు ఊడొచ్చింది, గీత గీసి కోసినా అంత కచ్చితంగా రాదు.

కేసింగులో ఒక బోల్టుకి మర పోయింది. మర పోయిందని కేసింగు పారేస్తారా? ఒక సైజు పెద్ద ట్యాపు పెట్టి కొత్త మర వేశాడు, దానికి సరిపడే బోల్టు తిప్పించాడు. ఆ బోల్టు మిగతావాటి కంటే కాస్త లావు. అప్పటి నుంచీ అక్కడే ఉంది.

1978 సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి బండి పలికింది. రంగు లేదు, సీటు మీద గోనెపట్టా, ట్యాంకుకి సొట్ట. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. ఆ మర్నాటి నుంచే అది పనిలో పడింది. విత్తనాలకి, మందులకి, అవనిగడ్డ ఆస్పత్రికి, రాత్రీ పగలూ లేదు. ఎవరింట నొప్పులొచ్చినా ముందు మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. అలా ఇరవై అయిదేళ్ళు పైన నడిచింది. నాన్న పోయాక ఊళ్ళో కొట్టంలో నిలబడిపోయింది. నేను విద్యుత్ శాఖ ఉద్యోగంలో ఊరూరా తిరుగుతూ దాని సంగతే చూసుకోలేదు. అది నా తప్పే. నిలబెట్టిన బండి తిరిగే బండి కంటే తొందరగా పాడవుతుందని తెలిసి కూడా చేసిన తప్పు.

రిటైరై విజయవాడలో స్థిరపడ్డాక మనసు పీకడం మొదలెట్టింది. రెండేళ్ళ కిందట బండిని ఊరి నుంచి తెప్పించి, మొదట అందరిలాగే ఒక పేరున్న షాపుకి తీసుకెళ్ళాను. అద్దాల గది, ఏసీ, గోడ మీద ఫొటోలు. షాపు కుర్రాడు మర్యాదస్తుడే. చుట్టూ తిరిగి చూసి చెప్పాడు.

"సార్, ఫ్రేమూ ఇంజను నంబరూ ఉంటే చాలు. మిగతా అంతా కొత్తది ఎక్కించేద్దాం. షోరూంలోంచి దింపినట్టు ఇస్తాను."

"ట్యాంకు బాగానే ఉందిగా బాబూ?"

"సొట్టుంది సార్. పారేద్దాం. రేపెప్పుడైనా అమ్మాలంటే రేటు రాదు."

అమ్ముతానని నేనన్నానా? ఆ సొట్ట ఎలా పడిందో అడగనైనా అడగలేదు. మా నాన్న తోలిన ట్యాంకు తీసేసి, ఆయన కూర్చున్న సీటు తీసేసి, ఆయన చేతులు పెట్టిన హ్యాండిల్ తీసేసి, నంబరు ఒక్కటి మిగిల్చి ఇస్తే అది ఎవరి బండి? డబ్బు చాలక కాదు, ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరక్కే ట్రాలీ ఆటో పిలిచి బండిని ఇంటికి తెచ్చేసుకున్నాను. ఆ సాయంత్రమే వసారాలో గోనెపట్టా పరిచాను.

విప్పడానికి మూడు వారాలు పట్టింది. తుప్పు పట్టేసిన నట్లకి రోజూ పొద్దున్నే కిరోసిను, డీజిలు కలిపి చుక్కలు వేసి సాయంత్రం దాకా ఆగేవాణ్ణి. తొందరపడితే బోల్టు తల తెగుతుంది. సీటు కింద ఫ్రేము గొట్టంలోంచి, బోల్టు ఊడదీయగానే, పొడి మట్టి రాలింది. బూడిద రంగు మట్టి, గుప్పెడు. కాగితం మీద పోసి చూస్తే అందులో గోరంత గుల్ల ఒకటి. మేస్త్రి ఎంత కడిగినా ఆ మూల దాక్కున్న ఉప్పెన మట్టి. అంతకాలం ఆ మట్టిని మోసుకుంటూనే బండి ఆస్పత్రికి, పొలానికి తిరిగిందన్నమాట. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఫ్రేముని యంత్రంతో ఇసక కొట్టించి పౌడరు కోటింగు వేయించమని సలహా చెప్పినవాళ్ళున్నారు. వేయించలేదు. తుప్పున్న చోట ఉప్పు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, నల్ల రంగు వేశాను. ఆ మట్టీ గుల్లా ఒక చిన్న సీసాలో పోసి టూల్ బాక్సులో పెట్టాను.

ఇక సామాన్ల సంగతి. నా కోపమంతా ఇక్కడే ఉంది. కొత్తగా కొన్న క్లచ్ కేబులు ఎనిమిదో రోజుకి తెగింది. కొత్త రబ్బరు బుష్షులు ఎండాకాలం దాటకుండా పగుళ్ళిచ్చాయి. 1974లో ఫ్యాక్టరీ బిగించిన ట్యాంకు రబ్బరేమో ఇప్పటికీ నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకొస్తోంది. బోల్టులు చూడబోతే పైన మెరుపు, లోపల మెత్తన. పానా వేసి గట్టిగా తిప్పితే తల గుండ్రమైపోతుంది. క్రోమింగు ఒక వర్షానికి పొరలు లేస్తోంది. కింద సరిగ్గా నికెల్ పట్టించి, బఫింగు చేసి, దాని మీద క్రోము ఎక్కిస్తే తరాలు నిలబడుతుంది. ఆ ఓపిక ఎవరికీ లేదు, కొనేవాడు అడగడం లేదు కాబట్టి చేసేవాడు చెయ్యడం లేదు. నేను తిరిగి తిరిగి పాత సామాను దుకాణాల్లో గుట్టలు వెతికి పాత బోల్టులే తెచ్చుకున్నాను. తుప్పు గీకితే లోపల ఇనుము గంటలా మోగేది.

పనివాళ్ళ సంగతి ఇంకా బాధ. మా వీధి చివర సర్వీసు షెడ్డులో కుర్రాడున్నాడు, చురుకైనవాడు, చెయ్యి మంచిది. పాయింట్లు సెట్ చేస్తావా అని అడిగితే, "పాయింట్లంటే ఏంటి సార్?" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. వాడు పుట్టాక వచ్చిన బళ్ళలో పాయింట్లే లేవు. వాడికి తెలిసిందల్లా సెట్టు మార్చడం. క్లచ్ పోతే క్లచ్ సెట్టు, కార్బొరేటరు ఇబ్బంది పెడితే కార్బొరేటరే కొత్తది. మా కేసింగులో లావు బోల్టు చూసి, "ఇది మర పోయింది సార్, కేసింగే మార్చాలి," అన్నాడు. మర పోయిన చోట మర వేసి ఉందిరా నాయనా అని చూపిస్తే, వంగి వేలితో తడిమి చాలాసేపు చూశాడు. నేర్పేవాళ్ళుంటే నేర్చుకునే పిల్లాడే. నేర్పేవాళ్ళని మనం ఏం చేసుకున్నాం?

దానికి జవాబు ఆటోనగర్లో దొరికింది. విజయవాడ ఆటోనగర్ అంటే లారీ బాడీ నుంచి చిన్న స్క్రూ దాకా తయారయ్యే చోటని మా చిన్నప్పటి నుంచీ పేరు. అక్కడ వెనక ఫోర్కు బుష్షులు తిప్పించడానికి నాలుగు రోజులు తిరిగాను. రెడీమేడ్ వేసుకోండి అన్నవాళ్ళే అందరూ. చివరికి ఒక సందులో డెబ్బై నాలుగేళ్ళ పెద్దాయన లేతు దొరికింది. గన్ మెటల్ కడ్డీ బిగించి, కాలిపర్సుతో కొలిచి, ఆఖరి చుట్టు మాత్రం కొలవకుండా షాఫ్టు చేత్తో పట్టుకుని దూర్చి చూస్తూ తీశాడు. షాఫ్టు బుష్షులోకి గాలిని నెట్టుకుంటూ నెమ్మదిగా దిగింది. "ఇంతేనండి, నూనె పొరకి చోటుండాలి, ఇంక దేనికీ ఉండకూడదు," అన్నాడు. కూలి ఎంతని అడిగితే చెప్పిన అంకెకి నాకు సిగ్గేసింది. ఒక్క రెడీమేడ్ అద్దం ఖరీదు చెయ్యదు. రెట్టింపు ఇచ్చాను.

"మీ తర్వాత ఎవరండీ ఈ లేతు మీద?" అని అడిగాను.

"ఎవరూ లేరండి. మావాడు కార్లకి సీటు కవర్లూ లైట్లూ అమ్ముకుంటన్నాడు. ఆ డబ్బులే బాగున్నాయంటాడు. కాదనడానికి నా దగ్గర మాట లేదండి."

నా దగ్గర మాత్రం ఉందా? ఆ కడ్డీ తిప్పే చేతికి మనం ఇచ్చిన విలువ అది. అద్దాల గదికి లక్షలు కట్టేవాళ్ళు ఈ సందులోకి రారు. ఆ పెద్దాయన లేతు మూతపడ్డ రోజున, ఈ చుట్టుపక్కల పాత ఇంజన్లు ఎన్ని ఉన్నా వాటికి బుష్షు తిప్పేవాడు ఉండడు.

మా రోజుల్లో అన్నీ బంగారమని చెప్పను. మేస్త్రులు పని అంత తేలిగ్గా నేర్పేవాళ్ళు కాదు. షెడ్డులో చేరిన పిల్లాడు మూడేళ్ళు పానాలు కడుగుతూనే ఉండాలి, ట్యాపెట్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఆ దాపరికం వల్ల కూడా సగం విద్య మట్టిలో కలిసింది. స్కూటరు కావాలంటే బుక్ చేసి ఏళ్ళ తరబడి చూడాల్సిన కాలం. పెట్రోల్లో సీసం ఉండేది, 2000 నుంచీ దేశమంతటా అది లేకుండా పోయింది, మంచే జరిగింది. బ్రేకుల విషయంలో ఇప్పటి బళ్ళకి దణ్ణం పెడతాను. మా డ్రమ్ము బ్రేకులు వానలో తడిస్తే బండి ఆపడం దేవుడి మీద భారమే. ఈ సంగతుల్లో నాకు పేచీ లేదు.

పేచీ ఉన్నది చప్పుడుతో. సందు చివర బాంబు పేలినట్టు పేలుస్తూ వెళ్ళే బుల్లెట్లున్నాయే, వాటితో. కొత్త బండి కొనడం, మర్నాడే సైలెన్సరు ఊడబీకి గొట్టం పెట్టించడం. పసిపిల్లలు, గుండె జబ్బు వాళ్ళు ఉన్న వీధి అనే ఆలోచన లేదు. అలాంటి సైలెన్సర్లని పోలీసులు పట్టుకుని రోడ్డు రోలరు కింద తొక్కిస్తున్నారని పేపర్లో చూసి నాకు తృప్తి కలిగింది. బుల్లెట్టు చప్పుడు గొట్టంలో ఉండదు. టైమింగులో, ట్యాపెట్లలో, ఆ 90 మిల్లీమీటర్ల స్ట్రోకులో ఉంటుంది. సరిగ్గా కుదిరిన ఇంజను స్టాండు మీద నిలబెట్టి వదిలితే, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. మా నాన్న బండి కాలవ మలుపు తిరుగుతుంటే ఆ చప్పుడుకే అమ్మ అన్నం వడ్డించేది.

ఇంకో పేచీ కాగితాలతో. 2021లో కేంద్రం పాత బళ్ళకి ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు లేకుండా ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయలు. మా బండికి యాభై నిండాయి కాబట్టి చేయించుకోమని స్నేహితులు పోరారు. నియమాలు చదివాను. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు, ఇంధనం పోయించుకోవడానికీ మరమ్మతుకీ వెళ్ళొచ్చు, మామూలుగా రోజూ తోలడానికి మాత్రం కుదరదు. పాత బళ్ళని కాపాడాలనే ఆలోచన మంచిదే, అంతవరకు సంతోషం. కానీ రోజూ తోలకూడని బండి నాకెందుకు? పాత మూడక్షరాల నంబరుతోనే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాను. కూరగాయలకి కూడా దాని మీదే వెళ్తాను.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమని లాక్కుంటుంది, పాత రకం రబ్బరుకి అది పడదు. అందుకని పైపులన్నీ దానికి తట్టుకునేవి వేశాను. వారం పైన బండి తియ్యనని తెలిస్తే ట్యాపు కట్టేసి కార్బొరేటరులోని పెట్రోలు ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆపుతాను. పాత బండి ఉన్నవాళ్ళందరూ ఈ ఒక్క పని చెయ్యాలి.

మా మనవడి గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదట్లో, "ఎందుకు తాతయ్యా ఈ వయసులో, కొత్తది కొనుక్కోవచ్చుగా," అన్నవాడే. ఒక శనివారం వచ్చి పట్టా మీద పరిచిన సామాను చూసి కూర్చుండిపోయాడు. వైరింగు పటం ఎక్కడో వెతికి ఫోనులో చూపించాడు, నేను రంగు వెలిసిన వైర్లతో నెల రోజులుగా కొట్టుకుంటున్న చిక్కు గంటలో విడిపోయింది. వాల్వులకి గ్రైండింగ్ పేస్టు రాసి, అరచేతుల మధ్య కర్ర తిప్పినట్టు తిప్పి సీటు పట్టించడం వాడికి చూపించాను. వాల్వు అంచు చుట్టూ బూడిద రంగు గీత ఎక్కడా తెగకుండా రావాలి. అలా వచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఆ రోజు వాడి మీద నాకు గౌరవం పెరిగింది.

బోరు ఈసారి ఫార్టీ సైజుకి వెళ్ళింది. ఇంజను కూర్చోబెట్టాక ట్యాపెట్ల వంతు. ఫీలరు గేజి తేబోయాడు వాడు. ఈ బండికి అది అక్కర్లేదు. ఇంజను చల్లగా ఉండగా పిస్టన్‌ని పైకి తెచ్చి, పక్క మూత తీసి, పుష్ రాడ్డుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూడాలి. స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. రెండింటికీ మధ్య వెంట్రుక వాసి చోటుంటుంది, అదే కొలత. వాడి వేళ్ళు పట్టుకుని నేను నట్టు కొద్దికొద్దిగా బిగించాను. "ఇప్పుడు?" "తిరగట్లేదు తాతయ్యా." కాస్త వదులు చేశాను. "ఇప్పుడు?" వాడు సమాధానం చెప్పలేదు, వేళ్ళ మధ్య రాడ్డుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. దొరికిందని వాడి మొహం చూసి తెలిసింది. లాక్ నట్టు బిగించాను. మా మేస్త్రి నాకు ఇలాగే, నా వేళ్ళు పట్టుకుని, ఒక్కసారే చూపించాడు.

పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటరుకి దగ్గరగా పెట్టి, మధ్యలో పల్చటి కాగితం ముక్క దూర్చి, చక్రం తిప్పుతూ కాగితం ఎక్కడ వదులవుతుందో చూసి టైమింగు కట్టాం. వైశాఖంలో ఒక పొద్దున పెట్రోలు ట్యాపు తిప్పాను. వాడు కిక్కు మీద కాలేసి ఒక్క ఊపున తన్నబోయాడు. ఆపాను. తాళం తిప్పి, కిక్కుని నెమ్మదిగా నొక్కుతూ అంపియర్ మీటరు ముల్లు చూడమన్నాను. ముల్లు ఎడమకి వాలి మళ్ళీ మధ్యకి వస్తుంది. మధ్యకి రాగానే ఆగాలి. డీకంప్రెసర్ లివరు నొక్కి కిక్కు ఇంకొక్క పిసరు దింపాలి. లివరు వదిలి, కిక్కుని పైకి రానిచ్చి, అప్పుడు మొత్తం బరువుతో తొక్కాలి. కోపంతో తన్నితే ఈ బండి కాలు వెనక్కి కొడుతుంది, అడిగి తొక్కితే పలుకుతుంది. మూడోసారికి పలికింది. లోపల్నుంచి మా ఆవిడ తడిచేతుల్తోనే బయటికొచ్చి నిలబడింది. మేం ముగ్గురం చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు.

మొన్న కార్తీకంలో మనవడూ నేనూ కోడూరు వెళ్ళొచ్చాం. సొట్ట ట్యాంకుతోనే. కరకట్ట మీద ఒక ముసలాయన చప్పుడు విని సైకిలు దిగి నిలబడ్డాడు, దగ్గరికొచ్చాక నాన్న పేరు చెప్పి, "వాళ్ళబ్బాయివా?" అన్నాడు. ట్యాంకు మీద చెయ్యేసి సొట్ట తడిమాడు. ఆ సొట్ట ఎప్పటిదో ఆయనకి చెప్పాల్సిన పని లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో ఒక గుంతలో వెనక చక్రం దిగి రిమ్ము కాస్త అవుటొచ్చింది. మార్చేద్దామా అని మనవడు అడగలేదు. శనివారం వస్తానన్నాడు. స్పోకుల పానా వెతికి వసారా గూట్లో పెట్టాను.